పదిదాకా వచ్చిన లెక్క: ఫిజీ ఫుట్‌బాల్ గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. ఫిజీ గురించి మాట్లాడమని పిలిచారు. బీచ్‌లూ కొబ్బరిచెట్లూ చూపిస్తానని వచ్చినవాళ్లు ఉంటే ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. నేనక్కడ బీచ్ చూసింది తక్కువ. పంచదార మిల్లు యంత్రాల పనిమీద ఏడాదిన్నర లౌటోకా అనే ఊళ్లో ఉన్నాను. ఆదివారాలు ఏం చెయ్యాలో తోచక ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. ఈవేళ చెప్పేది ఆ గ్రౌండ్ గురించే.

ముందు చిన్న ఉచ్చారణ పాఠం. మనం మ్యాపులో ‘నాడి’ అని చదివే ఊరిని అక్కడివాళ్లు ‘నాండి’ అంటారు. ‘లబాసా’ అని రాసి ‘లంబాసా’ అంటారు. ఇంగ్లిష్ అక్షరాల్లో డీ రాస్తే ‘ండ’, బీ రాస్తే ‘ంబ’ అని పలకడం వాళ్ల లిపి పద్ధతి. మొదటి వారం నేను టాక్సీవాడికి ‘నాడి’ అంటే అతను నా చెయ్యి పట్టుకుని చూడలేదు కానీ, దాదాపు అలాగే చూశాడు. (నవ్వులు)

ఫిజీ అంటే 300కు పైగా దీవులు. వాటిలో మనుషులుండేవి మూడోవంతు. మొత్తం జనాభా 9 లక్షలకు అటూ ఇటూ, అంటే మన దగ్గర ఓ మోస్తరు నగరానికి సరిపోయేంత. దేశమంతా ఊగిపోయే ఆట రగ్బీ. ఫుట్‌బాల్‌లో వాళ్ల పేరు ప్రపంచం విన్నది తక్కువ, విన్నా ఓడిపోయిన స్కోర్లతోనే విన్నది. 2016 రియో ఒలింపిక్స్‌లో కొరియా చేతిలో 8-0, మెక్సికో చేతిలో 5-1, జర్మనీ చేతిలో 10-0. మూడు మ్యాచ్‌ల్లో 23 గోల్స్ తిన్నారు. అలాంటి జట్టు గురించి గంటసేపు ఏం మాట్లాడతావని మా ఇంట్లోనే అడిగారు.

ఆ స్కోర్ల సంగతికి తర్వాత వద్దాం. ముందు, ఫుట్‌బాల్ బలంగా ఉన్న ఊళ్లేవో చెబుతాను వినండి. బా, లౌటోకా, లంబాసా, రాకిరాకి, నౌసోరి. మీకు అవి ఊళ్ల పేర్లు. నాకు మాత్రం అవి పంచదార మిల్లులు. బా ఊళ్లో రారావై మిల్లు 1886లో మొదలైంది. లంబాసాది 1894. లౌటోకాది 1903. నౌసోరి మిల్లు 1959లో మూతపడింది గానీ, ఆ ప్రాంతపు జట్టు ‘రేవా’ ఇప్పటికీ గట్టి జట్టే. చెరకు మ్యాపు ఒకటి, ఫుట్‌బాల్ మ్యాపు ఒకటి గీసి ఒకదాని మీద ఒకటి పెట్టండి. సువా, నాండి లాంటివి తీసేస్తే రెండూ దాదాపు అతుక్కుపోతాయి.

ఎందుకంటే చెరకు నాటినవాళ్లే బంతి కూడా తన్నారు. 1879 మే 14న ‘లియొనిడాస్’ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి కూలీలను లెవూకా రేవుకు తెచ్చింది. 1916 దాకా అలా 60 వేల మందికి పైగా వెళ్లారు. అయిదేళ్ల అగ్రిమెంటు. ఆ మాట నోట్లో నలిగి ‘గిర్మిట్’ అయింది, వెళ్లినవాళ్లు ‘గిర్మిటియా’లు అయ్యారు. మగవాడికి రోజుకు షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ‘లైన్లు’ అని వరస గదులు, పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. పెళ్లికాని మగవాళ్లయితే అందులో ముగ్గురు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరాయి. ఉత్తర ఆర్కాటు, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లు అలా వెళ్లారు. ఉత్తరాదివాళ్లు వాళ్లందరినీ కలిపి ‘మద్రాజీ’లన్నారు. తమిళమో తెలుగో మలయాళమో వాళ్లకు తేడా లేదు. మనవాళ్లకు ఉంది. 1926లో దక్షిణాదివాళ్లంతా కలిసి సంగం పెట్టుకున్నారు, 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ముగ్గురు తెలుగువాళ్లుంటే నాలుగు సంఘాలు అనే మాట సముద్రం దాటినా నిజమే. (నవ్వులు)

ఈ సంగాల్లో భాష నిలబడిందా అంటే పెద్దగా లేదు. రెడ్డి, నాయుడు అన్న ఇంటిపేర్లు నిలబడ్డాయి, గుళ్లు నిలబడ్డాయి. ఇంట్లో మాట్లాడేది మాత్రం ఫిజీ హిందీ. ఇంకొకటి కూడా నిలబడింది, ఏటా ఈస్టర్‌కి సంగం మహాసభ. మహాసభ అంటే ఉపన్యాసాలు అనుకునేరు. అది ఫుట్‌బాల్ టోర్నమెంటు. దేశం నలుమూలల నుంచి జట్లు దిగుతాయి. ఉపన్యాసాలు కూడా ఉంటాయిలెండి, ఇక్కడిలాగే, ఆట మధ్యలో.

గిర్మిటియాల పిల్లలు ఫుట్‌బాల్‌నే ఎందుకు పట్టుకున్నారు? నాకు తోచింది చెబుతాను. రగ్బీ ఫిజీ మూలవాసులది, వాళ్లని అక్కడ ఇతౌకెయి అంటారు. ఆ ఆటకు ఒళ్లు కావాలి, పైగా వాళ్ల బడుల్లో వాళ్లు ఆడుకునేది. క్రికెట్‌కు సామాను కావాలి. ఫుట్‌బాల్‌కు బంతి ఒక్కటే ఖర్చు, చెరకు కొట్టేశాక ఖాళీ అయిన మడి ఎలాగూ ఉంటుంది. 1938లో ఊరూరా ఉన్న జట్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. దాని పేరు ‘ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్’. ఇండియన్ అనే మాట పేరులోనే ఉంది, గమనించండి. ఆ ఏడాదే జిల్లాల మధ్య పోటీ మొదలైంది. మొదటి కప్పు రేవా జట్టు కొట్టింది. ఆ పోటీ ఇప్పటికీ జరుగుతుంది. ఐడీసీ అంటారు. అక్టోబరు వచ్చిందంటే ఆ వారం రోజులూ మా మిల్లులో సెలవు చీటీలు కుప్పపడేవి. క్రషింగ్ ఆగకూడదు, జనానికేమో మ్యాచ్ పోకూడదు. షిఫ్టు ఇన్‌చార్జికి అంత టెన్షన్ ఇంకెప్పుడూ చూడలేదు.

1961లో ఆ సంఘం తన పేరులోంచి ‘ఇండియన్’ అన్న మాట తీసేసింది. అన్ని జాతులవాళ్లూ ఆడొచ్చు అంది. పేరులో ఒక మాట పోవడం ఎంత పెద్ద విషయమో అప్పుడు అక్కడ ఉన్నవాళ్లకే తెలియాలి. ఇవాళ ఫిజీ జాతీయ జట్టు ఫొటో చూడండి. పదకొండు మందిలో ఎక్కువమంది ఇతౌకెయి కుర్రాళ్లే. స్టాండ్‌లోకి తిరిగి చూడండి. అక్కడ ఎక్కువమంది భారతీయ మూలాలున్నవాళ్లు. క్లబ్బు నడిపేది, స్పాన్సర్ షాపుది, కోచ్‌ని తిట్టేది కూడా చాలావరకు వాళ్లే. ఆడేది ఒకరు, అరిచేది ఒకరు. ‘అసలు ఈ ఆట ఎవరిదయ్యా’ అని అక్కడ ఎవర్నడిగినా ‘మాదే’ అంటారు, ఇద్దరూ అంటారు.

లౌటోకాలో చర్చిల్ పార్క్ అని గ్రౌండు ఉంది. ఊరి నడిమధ్య నుంచి సన్నపట్టాల మీద చెరకు బండి వెళ్తుంది, తెలుసా? చిన్న రైలింజను, వెనక చెరకు పెట్టెలు. నేను వెళ్లిన మొదటి పెద్ద మ్యాచ్ బా, లౌటోకాల మధ్య. బా వాళ్లు నల్ల చొక్కాలు, లౌటోకావాళ్లు నీలం. బా గురించి ఓ ముక్క చెప్పాలి. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఊరు అంటే అదే. 1975 నుంచి 1980 దాకా వరసగా ఆరుసార్లు ఐడీసీ కొట్టారు. 2007లో ఓషియానియా క్లబ్బుల కప్పు ఫైనల్ దాకా వెళ్లి, రెండు మ్యాచ్‌లూ కలిపి 2-2 అయితే బయటి గ్రౌండ్‌లో కొట్టిన గోల్ లెక్కన న్యూజిలాండ్‌ వైటాకెరే జట్టుకు కప్పు వదిలేసుకున్నారు. ఆ సంగతి బా మనిషి దగ్గర ఎత్తకండి. నేను ఎత్తాను, నలభై నిమిషాలు పోయాయి.

గేటు దగ్గర రోటీ పార్సిల్ కొనుక్కుని, అంటే మన చపాతీలో బంగాళాదుంప కూర పెట్టి చుట్టి ఇస్తారు, అది పట్టుకుని స్టాండ్ ఎక్కాను. పక్కన ఓ పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. మా మిల్లులోనే బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారట. భార్యతో వచ్చారు. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ బకెట్టు, అందులో ‘గ్రోగ్’. మందు కాదండీ, యాంగోనా అని ఓ వేరు దంచి నీళ్లలో పిసికి తాగుతారు. బురదనీళ్లలా ఉంటుంది, నాలిక తిమ్మిరెక్కుతుంది. కొబ్బరి చిప్పలో నాకూ ఓ వంతు పోశారు. ఇండియాలో ఎక్కడ అని అడిగారు. తెలుగు అన్నాను. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని ఫిజీ హిందీలో ‘మా నాయనమ్మదీ అదే’ అన్నారు. ఏమైనా వచ్చా అని అడిగితే, రెండు వచ్చన్నారు. ఒకటి, ఒకటి నుంచి పది వరకు లెక్క. రెండోది ఒక తిట్టు. ఆ తిట్టు చెప్పమంటే భార్యవైపు ఓరగా చూసి, చిప్ప నా చేతికిచ్చి ఊరుకున్నారు.

లెక్క మాత్రం ఆ సాయంత్రమే విన్నాను. లౌటోకా గోల్ కొట్టగానే లేచి ‘ఒకటి!’ అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు అలవాటే అనుకుంటా, ఎవరూ తల తిప్పలేదు. నా చేతిలో రోటీ పార్సిల్ మాత్రం కింద పడింది. స్వచ్ఛమైన ‘ఒకటి’. మన ఇంట్లో ముసలమ్మలు కొలత పెట్టి బియ్యం పోసేటప్పుడు ‘ఒకటీ’ అని సాగదీస్తారే, అదీ.

1988 సంగతి నాకు ఆయనే చెప్పారు. తర్వాత నేను వివరాలు చూసుకున్నాను. దానికి ముందు 1987 తెలియాలి. 1987 మే 14న రబూకా అనే సైనికాధికారి పార్లమెంటులోకి సిపాయిలతో నడిచొచ్చి ప్రభుత్వాన్ని కూలదోశాడు. మే 14, విన్నారా? మొదటి ఓడ వచ్చిన తేదీ. సరిగ్గా 108 ఏళ్లకు. భారతీయుల మద్దతుతో గెలిచిన ప్రభుత్వం అది. సెప్టెంబరులో ఇంకోసారి తిరుగుబాటు చేశాడు. ఆ తర్వాత ఆదివారం పవిత్రదినం అని చట్టం తెచ్చి ఆ రోజు కొట్లు, పనులు, ఆటలు నిషేధించారు. హిందువుకీ ముసల్మానుకీ ఆదివారం చర్చి లేదు, ఫుట్‌బాల్ ఉంది. అదీ పోయింది. డబ్బూ చదువూ ఉన్నవాళ్లు సిడ్నీకీ ఆక్లండ్‌కీ వాంకూవర్‌కీ వెళ్లిపోవడం మొదలుపెట్టారు. అప్పట్లో జనాభాలో దాదాపు సగం ఉన్న భారతీయులు ఇప్పుడు మూడోవంతుకు తగ్గారు. పెద్దాయన అన్నదమ్ములు ముగ్గురిలో ఇద్దరు వెళ్లారు.

అలాంటి రోజుల్లో, 1988 నవంబరు 26న, శనివారం, నాండిలో ప్రపంచ కప్పు క్వాలిఫయింగ్ మ్యాచ్. ఎదుట ఆస్ట్రేలియా. ఆ ఏడాది ఆస్ట్రేలియా తక్కువ జట్టేమీ కాదు. జూలైలో సిడ్నీలో ప్రపంచ ఛాంపియన్ అర్జెంటీనాను 4-1తో కొట్టింది. సియోల్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. నాలుగు నెలల కిందట అర్జెంటీనాను కొట్టిన జట్టు నాండిలో ఫిజీ చేతిలో 1-0తో ఓడిపోయింది. గోల్ కొట్టినవాడు రవువామ మాండింగి. ఇతౌకెయి.

పెద్దాయన ఆ మ్యాచ్‌కి వెళ్లారు. గోల్ పడ్డాక ఎవరో వెనక నుంచి వాటేసుకుని గాల్లోకి ఎత్తారట. చూస్తే భారీ మనిషి, మూలవాసి, ఎవరో తెలియదు. ‘అంతకుముందు ఏడాది నుంచీ వాళ్లను చూస్తే పక్కకు తప్పుకునేవాణ్ని. అతను ఎత్తుకుంటే ముందు భయపడ్డాను’ అన్నారు. తర్వాత ఏమైంది అన్నాను. ‘తర్వాత ఏముంది, దించాడు’ అన్నారు. వారం తిరిగేసరికి రెండో మ్యాచ్‌లో ఆస్ట్రేలియా తన గడ్డమీద 5-1తో గెలిచి ముందుకెళ్లింది. అంతే. ఒక్క గోల్‌తో దేశాలు మారిపోవు, మారిపోయాయని నేను చెప్పను. వెళ్లేవాళ్లు ఆ తర్వాత కూడా వెళుతూనే ఉన్నారు.

రాజకీయం ఆ జట్టును ఇంకోసారి కూడా పట్టుకుంది. 2006 డిసెంబరులో మళ్లీ సైనిక తిరుగుబాటు జరిగింది. దానికి నిరసనగా న్యూజిలాండ్, ఫిజీ సైన్యంవాళ్లకూ వాళ్ల బంధువులకూ వీసాలు ఆపేసింది. 2007లో ఫిజీ జట్టు ఆడటానికి న్యూజిలాండ్ వెళ్లాలి. గోల్‌కీపర్ సిమియోనె తమనిసౌకు వీసా రాలేదు. ఎందుకంటే అత్తింటివైపు పెద్దాయన సైన్యంలో ఉన్నారు! మన దగ్గర మామగారి పలుకుబడితో వీసా వస్తుంది గానీ... (నవ్వులు) ఫిఫా ఆ మ్యాచ్‌ని వాయిదా వేసింది. చివరికి ఏడాది తర్వాత, 2008 నవంబరులో, లౌటోకాలోనే ఆడించారు. అప్పటికే న్యూజిలాండ్ ముందు దశకు చేరిపోయింది, మ్యాచ్‌కి పెద్ద విలువ లేదు. కానీ ఫిజీ 2-0తో గెలిచింది. ఆ రోజు లంబాసా నుంచి వచ్చిన 21 ఏళ్ల కుర్రాడు ఒకడు గోల్ కొట్టాడు. పేరు రాయ్ కృష్ణ.

ఈ పేరు మీలో కొందరు విన్నారు, చేతులు లేస్తున్నాయి. పేరు చూసి మనవాడని కలిపేసుకోకండి. లంబాసా పక్క పల్లెటూరి కుర్రాడు, గిర్మిటియాల వారసుడు, అంతవరకే. ఆస్ట్రేలియా లీగ్‌లో ఆడే న్యూజిలాండ్ క్లబ్బు వెల్లింగ్టన్ ఫీనిక్స్‌కి ఆడి 2018-19 సీజన్‌లో 18 గోల్స్‌తో ఆ లీగ్ మొత్తానికి గోల్డెన్ బూట్ కొట్టాడు. తర్వాత ఇండియా వచ్చి కోల్‌కతా క్లబ్బు ఏటీకేలో చేరాడు. 2019 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, తన మొట్టమొదటి మ్యాచ్ ఆడింది. కోల్‌కతాలో ఏటీకేతో ఆడి 5-0తో ఓడిపోయింది. ఆ అయిదులో ఒకటి రాయ్ కృష్ణది. ఆ సీజన్ కప్పు కూడా ఏటీకేకే వెళ్లింది. 2022లో సెమీఫైనల్లో మళ్లీ మనమీదే గోల్ కొట్టాడు, కాకపోతే ఆసారి మొత్తం లెక్కలో హైదరాబాద్ 3-2తో బయటపడి కప్పు కూడా తెచ్చింది. ఏ ఓడ ఎక్కి వాళ్ల పూర్వీకులు వెళ్లారో, నూరేళ్లు దాటాక వాళ్ల పిల్లాడు విమానం దిగి, ఇక్కడ ‘విదేశీ ఆటగాడు’ అన్న కోటాలో ఆడాడు. రూలు ప్రకారం కరెక్టే.

ఇక రియో. అక్కడికి ఎలా వెళ్లారన్నది కూడా సరదాగా ఉంటుంది. 2015 పసిఫిక్ క్రీడల్లో, సెమీఫైనల్లో వనువాటు మీద గెలిచిన న్యూజిలాండ్ అర్హత లేని ఆటగాణ్ని దించిందని తేలి బయటకు పోయింది. ఫైనల్లో వనువాటు మీద ఫిజీ పెనాల్టీల్లో గెలిచింది. అదృష్టమే. అయితే అదే ఏడాది అండర్-20 ప్రపంచ కప్పులో ఈ కుర్రాళ్లలో కొందరు హోండురాస్‌ని 3-0తో కొట్టారని కూడా గుర్తుంచుకోవాలి. అది ఎవరూ దానం ఇచ్చింది కాదు.

కోచ్ ఫ్రాంక్ ఫరీనా. ఆస్ట్రేలియావాడు. ఈయన కథ నాకు భలే నచ్చుతుంది. 2001లో ఆస్ట్రేలియా అమెరికన్ సమోవాను 31-0తో ఓడించిందే, అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అదే రికార్డు, ఆ రోజు ఆస్ట్రేలియా బెంచీలో కూర్చున్న కోచ్ ఈయనే. పదిహేనేళ్లకు అవతలి బెంచీ మీద కూర్చుని గోల్స్ లెక్కపెట్టుకున్నారు. ఫిజీవాళ్లూ మరీ అమాయకులు కాదనుకోండి. అదే 2001లో అమెరికన్ సమోవాకు వాళ్లూ 13 కొట్టారు. 1979లో అప్పుడే స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలైనా నిండని కిరిబాతి మీద 24-0 కొట్టారు. పసిఫిక్‌లో ప్రతి చేపకూ ఓ పెద్ద చేప, ఓ చిన్న చేప.

రియోలో కొరియా మ్యాచ్ వదిలేద్దాం. మెక్సికో మ్యాచ్ చూడండి. పదో నిమిషంలో రాయ్ కృష్ణ తలతో గోల్ కొట్టాడు. మెక్సికో అప్పటికి ఒలింపిక్ ఛాంపియన్. లండన్‌లో ఫైనల్లో బ్రెజిల్‌ని ఓడించిన దేశం. దాని మీద ఫిజీ 1-0 ఆధిక్యం. విరామం దాకా అలాగే నిలబెట్టారు. గోల్‌లో ఎవరు? తమనిసౌ. మామగారి వల్ల వీసా రానివాడే, 23 ఏళ్లు దాటినవాళ్లకిచ్చే వయసు మినహాయింపు కోటాలో బ్రెజిల్ దాకా వచ్చాడు. రెండో సగంలో ఊపిరి చాల్లేదు, అయిదు పడ్డాయి. చిన్న దేశాల జట్లు ఎక్కువగా ఓడేది అక్కడే, రెండో సగంలో. వారానికి అయిదు రోజులు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసు చేసేవాడి కాళ్లు అప్పటికి ఆగిపోతాయి.

ఆగస్టు 10న జర్మనీ 10-0. మర్నాడు, ఆగస్టు 11న, రగ్బీ సెవెన్స్ ఫైనల్లో ఫిజీ బ్రిటన్‌ని 43-7తో చితక్కొట్టి దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చింది, అదీ బంగారం. దేశమంతా రోడ్ల మీదకొచ్చింది. ఆ గెలుపు గుర్తుగా ఏడు డాలర్ల నోటు అచ్చేశారు, నిజం, ఏడు డాలర్లు, నేను దాచుకున్నాను కూడా. పది గోల్స్ తిన్న కుర్రాళ్ల సంగతి ఒక్క రోజులో అందరూ మర్చిపోయారు. అది వాళ్లకు అదృష్టమో కాదో నేను చెప్పలేను. పది గోల్స్ తినడమంటే ఏమిటో మనకూ తెలుసు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా మనల్ని 10-1తో కొట్టింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అప్పుడు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబే. నాలుగేళ్లకు అదే రహీం సాబ్ మెల్‌బోర్న్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలబెట్టారు.

ఈ జర్మనీ మ్యాచ్ గురించి మా పెద్దాయన్ని అడిగాను. ఇంట్లో టీవీలో చూశారట. అలవాటు కొద్దీ లెక్కపెట్టుకుంటూ పోయారట, ఎదుటివాళ్ల గోల్సే అయినా. ‘ఏడు, ఎనిమిది, తొమ్మిది... పది అన్నాక ఆగింది. దేవుడి దయ. నాకు వచ్చిన తెలుగంతా ఖర్చయిపోయింది’ అన్నారు. (నవ్వులు)

నేను తిరిగొచ్చేశాను. ఆయన దగ్గర నా వాట్సాప్ నంబరుంది. పండగలకు వినాయకుడి బొమ్మలు పంపుతుంటారు. 2025 మార్చిలో ప్రపంచ కప్పు క్వాలిఫయింగ్ సెమీఫైనల్. 2006లో ఆస్ట్రేలియా ఆసియావైపు వెళ్లిపోయాక ఓషియానియాలో పెద్ద దిక్కు న్యూజిలాండే. 48 జట్ల ప్రపంచ కప్పు కాబట్టి మొదటిసారి ఓషియానియాకు నేరుగా ఒక సీటు ఇచ్చారు. ఫిజీకి ప్రపంచ కప్పు రెండు మ్యాచ్‌ల దూరంలో ఉంది. మ్యాచ్ వెల్లింగ్టన్‌లో, ఎదుట న్యూజిలాండ్. 7-0.

మర్నాడు పొద్దున వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఎక్కడో చెరకు బండి కూత వినిపిస్తోంది, లేదా నాకలా అనిపించింది. ఒకటి, రెండు, మూడు అని నెమ్మదిగా ఏడు దాకా చెప్పారు. ఆగారు. గ్రోగ్ గుక్క వేసిన చప్పుడు. తర్వాత హిందీలో అన్నారు: ‘ఈసారి ఇంకా మూడు మిగిలాయి.’